టొరంటో మొదటి మేయర్ మెకెంజీ: పత్రిక నడిపినవాడికి ఊరు నడపడం ఎక్కడ చిక్కొచ్చింది?

నీలిసిరా (ప్రశ్న)

విలియం లయన్ మెకెంజీ మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం తయారవుతోంది. బయటి గీత అందరికీ తెలిసిందే. 1795లో స్కాట్లండులోని డండీలో పుట్టాడు. 1820లో కెనడా చేరాడు. 1824 మే 18న క్వీన్‌స్టన్‌లో ‘కలోనియల్ అడ్వొకేట్’ మొదలుపెట్టి, ఆ ఏడాది చివరికి యార్క్‌కి మకాం మార్చాడు. 1834లో యార్క్ ‘టొరంటో’ అనే నగరమైనప్పుడు మొదటి మేయరయ్యాడు. 1837లో తిరుగుబాటు చేసి అమెరికా పారిపోయాడు.

ఈ వరుసకి మధ్య కీళ్లు అతకడం లేదు. ఒకటి, 1826లో ఆయన ప్రెస్సును పగలగొట్టి టైపుని సరస్సులో పోశారంటారు. దాంతో పత్రిక మూతపడాలి కదా, పైగా బలపడిందని ఎందుకు రాస్తారు? రెండు, ‘ప్రజలు ఎన్నుకున్న తొలి మేయర్’ అని రాయడం సరైనదేనా? మూడు, అంత జనాదరణ ఉన్న మనిషి పది నెలలు తిరక్కుండానే తన సొంత వార్డులో ఎలా ఓడిపోయాడు? తేదీల కంటే, ఏది ఎలా జరిగిందో వివరంగా చెప్పగలిగితే మేలు.

పాతకేసు

మొదటిదానికి చెప్తాను. టైపు అంటే ఏమిటో తెలియకుండా ఆ సంఘటన అర్థం కాదు.

హ్యాండ్ కంపోజింగ్ రోజుల్లో ప్రెస్సు యంత్రం కంటే విలువైనది సీసపు అక్షరాల నిల్వ. యంత్రాన్ని కింద పడేస్తే మళ్లీ నిలబెట్టుకోవచ్చు, విరిగిన భాగాన్ని కమ్మరి చేత చేయించుకోవచ్చు. అక్షరాలు అలా కాదు. ఇంగ్లిషుకి కేసులు (అక్షరాలు గళ్లలో వేసుకునే చెక్క పెట్టెలు) రెండు, పైదాంట్లో పెద్దక్షరాలు, కిందదాంట్లో చిన్నవి. ఏ గడిలో ఏ అక్షరం ఉంటుందో కంపోజిటర్ చేతికే తెలుసు, కన్ను కాపీ మీద ఉంటుంది. లెక్క కోసం పేజీకి ఐదు కాలమ్‌లు, కాలమ్‌కి వంద లైన్లు, లైనుకి నలభై అక్షరాలు అనుకోండి. పేజీకి 20,000, నాలుగు పేజీలకి 80,000 ముక్కలు. అన్నీ నేల మీద కుప్పగా పోస్తే ఒక్కొక్కటీ తీసి, ముఖం చూసి, సైజు చూసి, గడిలో వేసుకోవాలి. అందులో కొన్ని పిడికిళ్లు నీళ్లలో పోతే ఇంకా కష్టం. వందలో పది పోయాయి కాబట్టి తొంభై వంతుల పని నడుస్తుందనుకోకూడదు. చిన్న ‘ఇ’ తక్కువైతే పేజీ సగంలో ఆగిపోతుంది. తెలుగు ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గుణింతాలకీ ఒత్తులకీ వేరువేరు గళ్లుండే మన కేసు నేల మీద ఒలికితే ఇక ఆ వారం పత్రిక మీద ఆశ వదులుకోవడమే.

1826 జూన్ 8 సాయంత్రం జరిగింది అదే. ఇంకా వెలుతురుండగానే పదిహేను మంది దాకా కుర్రాళ్లు వచ్చారు. యార్క్‌ని ఏలుతున్న ‘ఫ్యామిలీ కాంపాక్ట్’ పెద్దల ఇళ్ల పిల్లలూ, వాళ్ల దగ్గర లా నేర్చుకుంటున్నవాళ్లూను. తలుపు పగలగొట్టి, పేర్చిన పేజీలు చెదరగొట్టి, కేసులు బోర్లించి, కొంత టైపుని తీసుకెళ్లి ఎదురుగా ఉన్న అఖాతంలో విసిరేశారు. ఇద్దరు మేజిస్ట్రేట్లు చూస్తూ నిలబడ్డారే గాని ఆపలేదు. మెకెంజీ ఆ రోజు ఊళ్లో లేడు. అప్పులవాళ్లకు చిక్కకుండా నయాగరా నదికి అవతల, అమెరికా వైపున్న లూయిస్టన్‌లో ఉన్నాడు. మీ వ్యాసంలో తప్పకుండా ఉండాల్సిన ముక్క ఇదే: ఆ కుర్రాళ్లు ముట్టుకోకపోయినా ఆ పత్రిక ఆగిపోయే దశలోనే ఉంది.

ఇక వాళ్లు చేసిన ఉపకారం చూడండి. మెకెంజీ నష్టపరిహారం కోసం సివిల్ దావా వేశాడు. జ్యూరీ 625 పౌండ్లు ఇప్పించింది. టైపుకి జరిగిన నష్టం కంటే అది చాలా ఎక్కువ. కుర్రాళ్ల తరఫు పెద్దలు తలా కొంత చందా వేసుకుని కట్టారు. ఆ డబ్బుతో మెకెంజీ అప్పులు తీర్చుకుని, కొత్త సరంజామాతో పత్రిక మళ్లీ తెరిచాడు. పనిలో పనిగా, అప్పటిదాకా నోటి దురుసు మనిషిగా ఉన్న పేరు కాస్తా అన్యాయానికి గురైన పత్రికాయన అయిపోయింది. రెండేళ్లలో, 1828లో, యార్క్ కౌంటీ నుంచి శాసనసభకి వెళ్లాడు. మూతపడబోయే పత్రికకి శత్రువులే పెట్టుబడి పెట్టారన్నమాట.

చిట్టాపద్దు

పాతకేసు గారు చెప్పినదానికి డబ్బు వైపు నుంచి కొంచెం కలుపుతాను. అప్పులు ఎందుకు పడ్డాయో తెలియకపోతే 625 పౌండ్ల బరువు తెలియదు.

చేతి ప్రెస్సు మీద ఇద్దరు మనుషులు, ఒకడు సిరా రాస్తూ ఒకడు లాగుతూ, గంటకి 200 నుంచి 250 ముద్రలు తీయగలరు. షీటుకి రెండు వైపులా అచ్చు కాబట్టి వెయ్యి కాపీలంటే 2,000 ముద్రలు, అంటే ఎనిమిది నుంచి పది గంటలు ఆగకుండా. దానికి ముందు కాగితం తడిపి ఉంచాలి, పొడి కాగితం సిరాని సరిగా పట్టదు. అచ్చయ్యాక ఆరబెట్టాలి. కెనడా చలికాలంలో తడి కాగితం బిగుసుకుపోతుంది, సిరా చిక్కబడి అక్షరాల మధ్య పేరుకుంటుంది. కాబట్టి గదిలో రోజంతా పొయ్యి మండాలి, ఆ కట్టెల ఖర్చూ పత్రిక మీదే. 1826 దాకా అప్పర్ కెనడాలో (ఇప్పటి అంటారియో ప్రాంతం) కాగితం మిల్లే లేదు, బయటినుంచి తెప్పించుకోవాలి. శీతాకాలంలో సరస్సు గడ్డకడితే ఓడలు ఆగిపోతాయి, అందుకని ఆర్నెల్ల సరుకు ముందే కొని పెట్టుకోవాలి, అంటే పెట్టుబడి అంతా గోదాములో కూర్చుంటుంది.

రావాల్సిన డబ్బు మాత్రం నెమ్మది. చందాదార్లు రైతులు, పంట అమ్ముకున్నాక ఇస్తామంటారు, కొందరు అసలు ఇవ్వరు. పోస్టేజీ మాత్రం ప్రచురణకర్తే ముందుగా కట్టాలి. చందా రాకపోయినా పోస్టేజీ పోయినట్టే. ఇందులో ఇంకో తిరకాసుంది. పత్రికల మీద వచ్చే ఆ పోస్టేజీ ఖజానాకి పోదు, అక్కడి డిప్యూటీ పోస్ట్‌మాస్టర్ జనరల్ సొంత రాబడి. తపాలా శాఖ మీద మెకెంజీ అంత పట్టుగా రాయడానికి సిద్ధాంతం ఒక్కటే కారణం కాదు, ఆ చురక తన చిట్టాలోనే తగిలింది.

ఒక చిన్న సూచన. పౌండ్లని ఇవాళ్టి డాలర్లలోకో రూపాయల్లోకో మార్చి రాయకండి. 1 పౌను 20 షిల్లింగులు, 240 పెన్నీలు అని ఒక్కసారి చెప్పి వదిలేస్తే పాఠకుడు అర్థం చేసుకుంటాడు. అణా పైసల లెక్క తెలిసిన మనవాళ్లకి అదేమంత కష్టం కాదు.

వార్డుమెంబరు

రెండో ప్రశ్నకి జవాబు: ‘ప్రజలు ఎన్నుకున్న తొలి మేయర్’ అని రాయకండి, తప్పు.

1834 మార్చి 6న చట్టం వల్ల యార్క్ పట్టణం టొరంటో నగరమైంది. జనాభా 9,000 పైచిలుకు. సెయింట్ ఆండ్రూ, సెయింట్ డేవిడ్, సెయింట్ జార్జి, సెయింట్ లారెన్స్, సెయింట్ పాట్రిక్ అని ఐదు వార్డులు. వార్డుకి ఇద్దరు ఆల్డర్‌మన్లు (పై హోదా సభ్యులు), ఇద్దరు కౌన్సిల్‌మన్లు, మొత్తం ఇరవై మంది. మార్చి 27న ఎన్నిక. ఆస్తి అర్హత ఉన్న మగవాళ్లకే ఓటు, అదీ రహస్యంగా కాదు, అందరి ముందూ ఎవరికో నోటితో చెప్పాలి. ఇంటి యజమాని, అప్పిచ్చినవాడు, కొట్టు షావుకారు అందరూ వింటుంటారు. ఈ ఇరవై మంది కూర్చుని ఆల్డర్‌మన్లలో ఒకర్ని మేయర్‌గా ఎంచుకోవాలి. కార్పొరేటర్లు మేయర్‌ని ఎన్నుకునే మన పద్ధతికి ఇది దగ్గర. టొరంటోలో జనం నేరుగా మేయర్‌కి ఓటేయడం 1859 ఎన్నికతో మొదలైంది.

మెకెంజీ సెయింట్ డేవిడ్ వార్డు ఆల్డర్‌మన్. కౌన్సిల్లో సంస్కరణవాదులకి, అంటే ఫ్యామిలీ కాంపాక్ట్ పాలన మారాలనేవాళ్లకి, ఆధిక్యం వచ్చింది. నిదానస్థుడైన డాక్టర్ జాన్ రాల్ఫ్‌ని మేయర్ చేద్దామని ఒక ఆలోచన ఉండేది, అయితే వర్గం మెకెంజీ వైపు మొగ్గింది. రాల్ఫ్ తన సీటే వదిలేసుకున్నాడు. అంటే కుర్చీ ఎక్కేనాటికే ఆయన సొంత పక్షంలో ఒక పగులుంది.

మొగ్గడానికి కారణం ఊరి పనుల్లో నేర్పు కాదు. శాసనసభ ఆయన్ని 1831 డిసెంబరులో, పత్రికలో రాసినదానికి పరువునష్టం కింద బయటికి పంపింది. 1832 జనవరి 2న అదే స్థానంలో ఉపఎన్నిక జరిగితే 119 ఓట్లతో, అవతలివాడికి ఒకే ఒక్క ఓటు పడగా, గెలిచాడు. ఊరేగింపులో స్లెడ్జి బళ్లు బారులు తీరాయి. వాటిలో ఒకదాని మీద చిన్న ప్రెస్సు పెట్టి, గడ్డకట్టకుండా పక్కన కుంపటి పెట్టి, ఇద్దరు కుర్రాళ్లు దారి పొడుగునా నూతన సంవత్సర శుభాకాంక్షల కాగితాలు అచ్చేసి జనం మీదికి విసిరారు. సభ మళ్లీ వెళ్లగొట్టింది, జనం మళ్లీ పంపారు. ఇది చాలాసార్లు నడిచింది. మేయర్ పదవి ఆ అవమానాలకి కౌన్సిల్ ఇచ్చిన బదులు. అలాంటి ఎంపికతో వచ్చే ఇబ్బంది అందరికీ తెలిసిందే, జవాబుగా ఎన్నుకున్న మనిషి మర్నాడు చెత్త, బురద, పన్నుల సంగతి చూడాలి.

నీలిసిరా

119కి 1 అని చదివి అచ్చు తప్పేమో అనుకున్నాను! మూడో ప్రశ్న మిగిలింది. ‘కలరా వల్ల, పన్నుల వల్ల ఓడిపోయాడు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు చాలామంది.

వార్డుమెంబరు

ఆ వాక్యం అబద్ధం కాదు, అరకొర. మేయర్ గదిలో ఆయనకి ఎదురైన వాటిని నెలల వారీగా చూడండి.

ముందు ఖజానా. కొత్త నగరానికి వారసత్వంగా వచ్చింది మార్కెట్ భవనం కట్టినప్పటి అప్పు, దాదాపు 9,000 పౌండ్లు. జనాభాతో భాగిస్తే పసిపిల్లలతో సహా తలకి సుమారు ఒక పౌను. కింగ్ వీధి వసంతంలో మోకాటి లోతు బురద, ‘బురద యార్క్’ అన్న పేరు ఊరికే రాలేదు. చెక్క పలకల కాలిబాట వేయించాలంటే డబ్బు కావాలి. కౌన్సిల్ పౌనుకి మూడు పెన్నీల చొప్పున పన్ను వేసింది. అంటే 1.25 శాతం. 100 పౌండ్ల అంచనా విలువకి 300 పెన్నీలు, 25 షిల్లింగులు. ప్రభుత్వ దుబారా మీద పదేళ్లుగా రాసిన మనిషి చేత వచ్చిన మొదటి పని పన్ను పెంచడం! ఎదుటి పత్రికలకి ఇంతకంటే మంచి శీర్షిక దొరుకుతుందా?

మే నెలలో తన చేతులారా చేసుకున్న దెబ్బ ఒకటి. లండన్ పార్లమెంటు సభ్యుడు జోసెఫ్ హ్యూమ్ తనకి రాసిన ఉత్తరాన్ని పత్రికలో వేశాడు. అందులో మాతృదేశపు ఏలుబడి చేటు చేసేదని, కెనడా దాన్నుంచి విడిపోయే రోజు వస్తుందనీ అర్థం వచ్చే మాటలున్నాయి. రాసింది హ్యూమ్, అచ్చేసింది మేయర్. టోరీలకి (ఫ్యామిలీ కాంపాక్ట్ వైపున్న రాజభక్త పక్షం) చేతిలో పెట్టిన ఆయుధం అది. మితవాద సంస్కరణవాదులు, రాజభక్తి ఉన్న మెథడిస్టులు (ఒక క్రైస్తవ శాఖవాళ్లు) వెనక్కి తగ్గారు. వాళ్ల ‘క్రిస్టియన్ గార్డియన్’ సంపాదకుడు ఎగర్టన్ రైయర్సన్‌తో మెకెంజీకి 1833 నుంచే చెడింది. పత్రికాయనగా ఆ ఉత్తరం వేయడం ఆయనకి వార్త. మేయర్ వేస్తే అది నగర ప్రకటనలా చదివారు. ఆ తేడా ఆయనకి ఎప్పుడూ పట్టినట్టు లేదు.

జులైలో కలరా, 1832 తర్వాత రెండోసారి. రోగుల్ని ఆసుపత్రికి చేర్చడంలో మేయర్ స్వయంగా చేయి వేశాడు, తనకీ సోకి కొన్నాళ్లు మంచాన పడ్డాడు. ఆయన జీవితంలో బేషరతుగా మెచ్చుకోవాల్సిన రోజులు అవి. మరోవైపు హెల్త్ బోర్డు తగాదాలతో సాగింది. కలరా నీటితో వస్తుందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. బావుల పక్కనే మురుగు ఉన్న ఊళ్లో మేయర్ ఎవరైనా ఆపగలిగేది కాదు.

ఆ జులై చివర్లోనే పన్నుల గురించి పిలిచిన సభ మార్కెట్ భవనం పైన గ్యాలరీలో జరిగింది. మొదటి రోజు గొడవల్లో వాయిదా పడి, మర్నాడు మళ్లీ కిక్కిరిసింది. జనం కాళ్లు తాటించేసరికి గ్యాలరీ కూలింది. కింద మాంసం కొట్లు. వేలాడదీసే కొక్కేల మీద పడ్డారు కొందరు. చనిపోయినవాళ్లున్నారు, గాయపడ్డవాళ్లు చాలామంది. గ్యాలరీ కట్టింది పాత పాలనలో, అప్పు మిగిల్చింది కూడా అదే భవనం. ఐనా సభ పన్నుల గురించి కాబట్టి తిట్లు కొత్త మేయర్ ఖాతాలో పడ్డాయి.

ఇంకొకటి, చిన్నదే కానీ ఎన్నేళ్లయినా వదలకుండా అంటుకుంది. మేయర్ అంటే మేజిస్ట్రేటు కూడా, మేయర్ కోర్టులో కూర్చోవాలి. తాగి అల్లరి చేసిన ఒక స్త్రీ విచారణలో చెప్పు తీసి ఆయన మీదికి విసిరింది. ఆమెకి బొండకొయ్య వేయించాడు. నడిబజార్లో కాళ్లు బిగించి కూర్చోబెట్టే శిక్ష, అప్పటికే మొరటుగా అనిపిస్తున్నది. అధికారుల జులుం మీద రాసిన చేయే ఆ ఆజ్ఞ రాసింది.

మంచి పక్కన కూడా రాయండి. నగర ముద్ర రూపకల్పన ఆయనదే. ‘శ్రమ, తెలివి, నిజాయితీ’ అని అర్థం వచ్చే ఆ నినాదం 1998లో నగరాలు కలిసేదాకా టొరంటోకి ఉంది.

1835 జనవరి ఎన్నికలో సెయింట్ డేవిడ్ వార్డులో ఓడిపోయాడు. మేయర్ కుర్చీ టోరీ వైపున్న రాబర్ట్ బాల్డ్విన్ సల్లివన్‌కి పోయింది. ఈలోగా ఇంకో సంగతి: 1834 అక్టోబరులో ఆయన మళ్లీ శాసనసభకి ఎన్నికయ్యాడు, సంస్కరణవాదులకి సభలో ఆధిక్యం వచ్చింది, నవంబరులో ‘అడ్వొకేట్’ని వేరే పత్రికలో కలిపేశాడు. జనవరి నాటికి ఆయన మనసు నగర కౌన్సిల్లో లేదు, పైగా చేతిలో సొంత పత్రిక కూడా లేదు. పన్నులు, కలరాలతో పాటు ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చిట్టాపద్దు

పోలిక కావాలంటే షికాగోని పక్కన పెట్టి చూడండి. ‘షికాగో ట్రిబ్యూన్’ భాగస్వామి జోసెఫ్ మెడిల్ 1871 అక్టోబరు అగ్నిప్రమాదం జరిగిన మరుసటి నెలలో ‘ఫైర్‌ప్రూఫ్’ (నిప్పంటనిది) అనే పేరున్న అభ్యర్థుల జాబితా తరఫున మేయర్‌గా గెలిచాడు. ఊరు బూడిదై ఉన్నప్పుడు అప్పుకీ పునర్నిర్మాణానికీ అందరూ ఒప్పుకుంటారు కాబట్టి ఆయనకి మొదట్లో మెకెంజీకి లేని వెసులుబాటు దొరికింది. ఆదివారం సారా దుకాణాలు మూయించే చట్టం అమలు దగ్గర జర్మన్ వలసదారులతో చెడింది. పదవీకాలం పూర్తికాకుండానే 1873లో పదవి వదిలి యూరప్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ట్రిబ్యూన్ పగ్గాలు చేతికి తెచ్చుకుని చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఇద్దరికీ పత్రిక వల్ల పదవి వచ్చింది, కానీ పత్రికలో అలవాటైన పట్టు కౌన్సిల్లో పనికిరాలేదు. సంపాదకుడు ఒక్కడే నిర్ణయిస్తాడు, మేయర్‌కి ఇరవై మంది ఓట్లు కావాలి.

నీలిసిరా

అయితే 1837 తిరుగుబాటు మేయర్ పదవి పోయిన కోపమేనా?

పాతకేసు

కాదు. మధ్యలో దాదాపు మూడేళ్లున్నాయి, వాటిని దాటేయకండి. 1835లో శాసనసభ ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షుడిగా పెద్ద నివేదిక తెచ్చాడు. లండన్ దాన్ని పట్టించుకుంది కానీ పంపిన లెఫ్టినెంట్ గవర్నర్ సర్ ఫ్రాన్సిస్ బాండ్ హెడ్ 1836 ఎన్నికలో స్వయంగా ప్రచారానికి దిగాడు. మెకెంజీ ఆ ఎన్నికలో ఓడిపోయాడు. అసలు దెబ్బ అదే, 1835 వార్డు ఓటమి కాదు. 1836 జులై 4న, తేదీ చూడండి, అమెరికా స్వాతంత్ర్య దినాన ‘కాన్‌స్టిట్యూషన్’ అనే కొత్త పత్రిక మొదలుపెట్టాడు.

తర్వాతది త్వరగా చెప్పేయొచ్చు. 1837 డిసెంబరు 7న యాంగ్ వీధిలోని మాంట్‌గోమరీ సత్రం దగ్గర తిరుగుబాటు చెదిరిపోయింది. ఆయన తల మీద 1,000 పౌండ్ల బహుమానం ప్రకటించారు. ఆయన తప్పించుకున్నాడు గానీ శామ్యూల్ లౌంట్, పీటర్ మాథ్యూస్‌లని 1838 ఏప్రిల్‌లో ఉరితీశారు. అమెరికాలో తటస్థత చట్టం (ఆ గడ్డ మీంచి వేరే దేశం మీదికి దాడికి దిగకూడదనే చట్టం) ఉల్లంఘన కింద రాచెస్టర్ జైల్లో ఉండి, అక్కడినుంచి కూడా పత్రిక నడిపాడు. 1849 క్షమాభిక్ష తర్వాత తిరిగొచ్చి, 1851లో హాల్డిమండ్ ఉపఎన్నికలో ‘గ్లోబ్’ ప్రచురణకర్త జార్జి బ్రౌన్‌నే ఓడించాడు. పత్రికాయన మీద పత్రికాయన. 1861 ఆగస్టు 28న చనిపోయాడు. తర్వాత కెనడా ప్రధాని అయిన మెకెంజీ కింగ్ ఆయన మనవడే, కూతురి కొడుకు.

వార్డుమెంబరు

ఫోటో వేస్తారేమో, ఒక జాగ్రత్త. టొరంటోలో ఉన్నవాళ్లు ఎవరైనా బాండ్ వీధి 82 నంబరు ఇల్లు చూపిస్తారు. అది ఇప్పుడు మ్యూజియం, లోపల పాత పద్ధతి ప్రింటింగ్ షాపు ఉంది, సబ్‌వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆయన ఆ ఇంట్లో ఉన్నది చివరి రెండు మూడేళ్లే, అభిమానులు చందాలు పోగుచేసి ఇప్పించారు. 1826లో పగలగొట్టిన ప్రెస్సు అది కాదు, చోటూ అది కాదు. టైపుల గొడవ జరిగింది ఫ్రెడరిక్ వీధి, ఫ్రంట్ వీధి కలిసే మూల దగ్గర. అక్కడికి వెళ్లి చూస్తే నీళ్లు కనబడవు, ‘అఖాతంలో విసిరారు’ అన్నది ఎలా కుదిరిందా అనిపిస్తుంది. తర్వాత్తర్వాత మట్టి పోసి ఒడ్డుని దక్షిణానికి జరిపారు. 1826లో ఫ్రంట్ వీధి దాదాపు నీటి అంచునే ఉండేది. ఈ మాట ఫోటో కింద ఒక లైనుగా వేయండి.